ముందు పలికే మనిషి

ఇంద్రావతి మీద మాకు తెరచాప పడవ ఉందంటే స్కూల్లో ఎవరూ నమ్మలేదు. పక్క బెంచీ పిల్ల నన్ను అబద్ధాలకోరు అంది. దాని జడ పట్టుకుని గుంజాను. టీచరమ్మ నన్ను ఎండలో నిలబెట్టింది. ముక్కు మీద కోపం నాది, అప్పుడూ ఇప్పుడూ కూడా. కానీ పడవ మాత్రం నిజం. నలుగురం ఎక్కితే అయిదో మనిషికి చోటుండని చెక్క పడవ. దాని నడుమ ఒక టేకు కొయ్య, ఆ కొయ్యకి నాయనమ్మ ఊరి నుంచి తెచ్చిన పాత తెరచాపలోంచి కోసిన ముక్క. చలికాలం ఆదివారాల్లో, నాన్నకి డ్యూటీ లేకపోతే, జగదల్‌పూర్ క్వార్టర్‌కి తాళం వేసి మేం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్లోనే ఉండేవాళ్ళం.

మా నాన్న గని బళ్ళ డ్రైవరు. కిరండూల్ నుంచి ఇనుప రాయి నింపుకుని విశాఖపట్నం రేవుకి పోయే గూడ్సు బళ్ళని వంతులవారీగా నడిపేవాళ్ళలో ఒకడు. పుట్టింది భీమిలి అవతల, సముద్రంలో వేటకి పోయే ఇంట్లో. రైల్వేలో చేరి కొండలెక్కి వచ్చేశాడు గానీ ఆయనకి నీళ్ళ యావ పోలేదు. అమ్మది కోంటా దగ్గర శబరి ఒడ్డు, వరి పండించే ఇల్లు. నాన్న ‘ఏటి’ అంటే అమ్మ ‘ఏంది’ అనేది. నేనూ తమ్ముడూ ఎవరి దగ్గర పని జరగాలో చూసుకుని వాళ్ళ మాట వాడేవాళ్ళం. గడప దాటితే హిందీ, సంతలో అక్కడి జనం మాట్లాడే హల్బీ.

నది ఒడ్డున చేపలు పట్టుకునే ఒక ముసలాయన దగ్గర నాన్న ఆ పడవ తీసుకున్నాడు. మొదటి ఆదివారమే పరువు పోయింది. భీమిలి వైపు పొద్దున నేల మీది గాలి పడవల్ని సముద్రంలోకి తోస్తుంది, మధ్యాహ్నం సముద్రం మీది గాలి వాటిని ఇంటికి తెస్తుంది. పుట్టినప్పటి నుంచి చూసింది అదే కాబట్టి, గాలన్నది ఎక్కడైనా మధ్యాహ్నానికి వెనక్కి తిరిగి తీరుతుందని మా నాన్న నమ్మకం. తెరచాప ఎత్తి హాయిగా దిగువకి పోయాం. అన్నం తిన్నాం. ఇక గాలి తిరుగుతుందని కూర్చున్నాం. తిరగలేదు. నాలుగింటికి కూడా అదే గాలి, అదే వైపు. మీ ఊరి గాలికి ఇక్కడికి బదిలీ ఇంకా కాలేదేమో అని అమ్మ పకపకా నవ్వింది. చివరికి పడవకి తాడు కట్టి, ఒడ్డెమ్మట ముగ్గురం ఈడ్చుకుంటూ వచ్చాం. తమ్ముడు మాత్రం రాజాలా పడవలోనే కూర్చున్నాడు. వాడికప్పుడు ఆరేళ్ళు. చేలో పని చేసుకునేవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి మరీ చూశారు.

ఆ తర్వాత బుద్ధి వచ్చింది. పొద్దున్నే గెడ కర్ర అడుగున పొడిచి తోస్తూ ఎగువకి పోయేవాళ్ళం. అక్కడ తెరచాప ఎత్తి, వంట చేసుకుంటూ, గాలితోపాటు మెల్లగా దిగువకి వచ్చేవాళ్ళం. రెండు కోసుల ప్రయాణానికి రోజంతా పట్టేది. ఎవరికి తొందర?

వంట అమ్మది. రేకు తట్టలో ఇసుక పోసి, దాని మీద బొగ్గుల కుంపటి పెట్టి, పడవ ముందు భాగంలో కూర్చునేది. నీళ్ళ వైపు వీపు పెట్టి, వెనక తెడ్డు పట్టుకున్న నాన్నకి ఎదురుగా. గాలి కుంపటికి తగలకుండా తన ఒళ్ళే అడ్డం పెట్టేది. చేపల పులుసు దగ్గర మాత్రం ప్రతి వారం ఒకే గొడవ. నాన్నకి ఆవ పెట్టాలి. అమ్మకి లేత వెదురు కొమ్ములు వెయ్యాలి. ఆవ ఘాటుకి చేప రుచి చచ్చిపోతుందని ఆమె, వెదురు కొమ్ముల వాసనకి చేపే పారిపోతుందని ఆయన. ఇద్దరిలో ఎవరు గెలిచినా నష్టం లేదు, మాకు అడ్డాకుల విస్తళ్ళలో వేడన్నం, పులుసు. చెయ్యి కడుక్కోవడానికి పక్కకి వంగితే చాలు, ఏరంతా మనదే. ఇప్పటికీ ఇంట్లో పులుసు కాగుతుంటే నాకు కాళ్ళ కింద నేల కాస్త ఊగినట్టే ఉంటుంది.

ఇక నా సంగతి. పడవలో నాన్న ఇంజన్ చట్టం పెట్టాడు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి పలకాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తాను చూసి, అదే మాట తిరిగి పలకాలి. ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకు. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను పట్టుకోవడానికి అలా పెట్టారట. మా ఏట్లో రంగుల దీపాలు లేవు గనక బండలే సిగ్నళ్ళు. ఏటి నిండా నల్ల బండలు, కొన్ని నీటి పైకి, కొన్ని జానెడు లోపల. నాన్న వెనక నుంచి “ఎడం పక్క బండ” అనేవాడు. అమ్మకి అవతల, పడవ మూతి మీద కూర్చున్న నేను చూసి “ఎడం పక్క బండ” అనాలి. రెండు చలికాలాలు అలా గడిచాయి. నాకు ఒళ్ళు మండేది. ముందున్నది నేను, ముందు చూసేది నేను, కానీ ఆయన పలికేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. ఇదేం న్యాయమని చాలాసార్లు దెబ్బలాడాను. అసిస్టెంటు అసిస్టెంటేనని నవ్వేసేవాడు.

మూడో చలికాలం, దీపావళి వెళ్ళిన వారం, నాన్న తనంతట తనే నాకు ప్రమోషన్ ఇచ్చాడు. తెరచాప అడ్డంగా ఉంది, నాకు సరిగ్గా కనపడటంలేదు, ఇక నుంచి ముందు నువ్వే పలుకు, నీ వెనక నేను పలుకుతాను అన్నాడు. ఏం చెప్పను నా సంబరం! తమ్ముడి దగ్గర ఎన్ని గొప్పలు పోయానో. వాడి ఉద్యోగం పాత నూనె డబ్బాతో పడవలోకి ఊరే నీళ్ళు తోడిపొయ్యడం. వాడు నన్ను డ్రైవరుగారూ అని పిలవాలని హుకుం వేశాను, పిలిచేదాకా అప్పచ్చి పెట్టలేదు.

తెరచాప అడ్డం అన్నది నిజం కాదని నాకు తెలియడానికి రెండు వారాలు పట్టింది. గాలి పడిపోయి తెరచాప చుట్టేసిన రోజున కూడా ఆయన ముందు పలకలేదు. ఇంకోసారి, ఒడ్డున బండ మీద ఎవరో ఆరేసిన ఎర్ర చీరని చూపించి, అదేటి, మోదుగు చెట్టా అని అడిగాడు. కార్తీకంలో మోదుగు పూస్తుందా? నేను కాదు చీర అన్నాను. అవునవును అని ఊరుకున్నాడు. ఆ అవునవునులో ఏదో కంగారు ఉంది. పన్నెండేళ్ళ దాన్ని, పాలు తాగే పిల్లని కాదు. నాకు అర్థమైంది. నేనేం చేశానయ్యా అంటే, బండలు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా పలకడం మొదలుపెట్టాను. దూరం కూడా చెప్పేదాన్ని, ఎంత తిప్పాలో కూడా చెప్పేదాన్ని. ఆయన నేను చెప్పినట్టల్లా తిప్పేవాడు. గూడ్సు బండి నడిపే మనిషి నా మాట మీద పడవ నడుపుతున్నాడు. అంతకన్నా నాకేం కావాలి?

ఇంట్లో మాత్రం ఒక మాట అప్పుడప్పుడు వినబడేది. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కళ్ళ పరీక్ష ఉంటుంది. నాన్న వంతు ఎండాకాలం మొదట్లో వస్తుంది. దాంట్లో తప్పితే ఇంజన్ దించేస్తారు, ఏ గదిలోనో కుర్చీలో కూర్చోబెడతారు. అలా దిగిపోయిన ఒకాయన మా వరసలోనే ఉండేవాడు. బండి కూత వినబడగానే గుమ్మంలోకి వచ్చి నిలబడి, బండి మొత్తం పోయేదాకా లోపలికి వెళ్ళేవాడు కాదు. ఆయన్ని చూసినప్పుడల్లా నాన్న తల వంచుకుని నడిచేవాడు. అందుకని కూడా గట్టిగా పలికాను. అది మాత్రం నిజమే. కానీ అంతా అందుకే అని రాసుకుంటే అబద్ధమవుతుంది.

అమ్మకి ఎప్పుడు అనుమానం వచ్చిందో నాకు తెలియదు. తర్వాత అడిగితే, ఆయన మొహానికి ఎదురుగా కూర్చుని వంట చేసేదాన్ని, నాకు తెలవదా అంది. నేను బండ అన్నప్పుడు నాన్న కళ్ళు బండని వెతికేవి కావట. నా వీపు మీదే ఉండేవట.

సంక్రాంతికి రెండు వారాల ముందు ఆదివారం. మంచు విడిచిపోయి ఎండ చక్కగా కాసింది. ఆ వారం వెదురు కొమ్ముల వంతు. పులుసు కాగుతోంది. గాలికి నిప్పురవ్వలు లేస్తున్నాయి, తెరచాప అంటుకుంటుంది, దించెయ్యమంది అమ్మ. నాన్న దించి చుట్టేశాడు. పడవ నీటి వాలుకి మెల్లగా పోతోంది. ఇప్పుడు ఆయనకి, ఏటికి మధ్య ఏమీ అడ్డం లేదు. తర్వాత అమ్మ నన్ను వెనక్కి పిలిచింది. పులుసు కలుపుతూ ఉండు, అడుగంటుతది అని గరిట నా చేతికిచ్చి, తాను వెళ్ళి పడవ మూతి మీద కూర్చుంది. ఎందుకో చెప్పలేను గానీ, ఏదో అయిపోబోతోందని తెలిసింది.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున ఇసుక కనబడుతోంది. ముందర, నా కంటికి ఆనినంత దూరం, ఒక్క బండ లేదు.

“కుడి పక్క బండ, దగ్గర్లనే,” అంది అమ్మ.

“కుడి పక్క బండ,” అన్నాడు నాన్న వెంటనే, ఏ మాత్రం తడబడకుండా. తెడ్డు బలంగా తిప్పాడు. పడవ ఎడమకి విసురుగా మళ్ళి, ఇసుక తిన్నె మీదికెక్కి ఆగిపోయింది. పులుసు ఒలికి నిప్పుల మీద పడి బుస్సుమంది. నేను గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

తమ్ముడు పడవ అంచు పట్టుకుని తొంగి చూశాడు. “బండేదీ?” అని అడిగాడు.

నాన్న తెడ్డు మీద చేతులు అలాగే ఉంచి, కుడి పక్కకి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. లేని దాన్ని వెతుకుతున్న ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆ క్షణాన అమ్మంటే నాకు అసహ్యం వేసింది. అదీ రాసేస్తున్నాను.

“బండ లేదయ్యా,” అంది అమ్మ. “ఎవరి కండ్లతోటి నడుపుతున్నవ్ నువ్వు?”

నాన్న మొదట దబాయించాడు. తర్వాత బతిమాలాడు. ఒక కంట్లో పొర కమ్మిందని, రెండో కంట్లో కూడా మొదలైందని అప్పుడు చెప్పాడు. ఎండాకాలం పరీక్షలో ఎలాగూ బయటపడుతుందని, వాళ్ళే దించేస్తారని, అంతవరకు దారి తనకి కంఠస్థమని, ఏ మలుపు దగ్గర ఏ సిగ్నలుందో నిద్రలో అయినా చెప్పగలనని అన్నాడు. రంగు మాట పక్కన అసిస్టెంటు చూసుకుంటాడట. అతను ముందు పలుకుతాడు, తాను వెనక పలుకుతాడు. మా పడవలో చట్టం ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది. అది ఇంజన్లో ముందే మారిపోయింది.

“నాలుగు నెలలే కదే,” అన్నాడు చివరికి. “ఇంజన్ దిగిపోతే నానేటి?”

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “పట్టాలెంబడి సంతకు పోయేటోళ్ళు నడుస్తరు. నెత్తిన తట్ట, చంకల పిల్ల. ఇంక నాలుగు నెలలు జర పక్కకుండుండ్రని వాళ్ళకెవరు చెప్తరు?”

నాన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆయన మొహంలో, అదే నాకు కష్టమైంది.

“నీకెప్పటి నుండి తెలుసమ్మా?”

“దీపావళి తర్వాత నుంచి,” అన్నాను.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

నీ ఇంజన్ పోతుందని అనవచ్చు. ఆయన్ని కాపాడాలనుకున్నానని అనవచ్చు. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది కూడా. కానీ అమ్మ నన్నే చూస్తోంది, ఆమె ముందు నా అబద్ధాలు ఎప్పుడూ నిలబడలేదు.

“చెప్తే మళ్ళీ నువ్వే ముందు పలుకుతావని,” అన్నాను.

నాన్న తల ఊపాడు, ఏదో లెక్క సరిపోయినట్టు. తర్వాత ఒలకగా మిగిలిన పులుసుతో ఇసుక తిన్నె మీదే అన్నాలు తిన్నాం. ఆ వేళ నాన్న వెదురు కొమ్ముల్ని ఒక్క మాట కూడా అనలేదు, విస్తరిలో వేసినవన్నీ తిన్నాడు. తిరుగు దారిలో గెడ అమ్మ తీసుకుంది. శబరి ఒడ్డు మనిషి, ఎంత ఒడుపుగా వేసిందో. ముందు కూర్చోమని నన్నెవరూ అనలేదు. నేనూ వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న యూనిఫాం వేసుకోలేదు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, డ్యూటీ టైముకి ముందే వెళ్ళి, పై అధికారికి తనంతట తనే చెప్పేశాడు. ఆ రోజు ఆయన ఎక్కవలసిన బండిని ఇంకెవరో తీసుకెళ్ళారు. ఆస్పత్రికి పంపారు, పరీక్షలు చేశారు, తప్పించారు. డ్యూటీకి వచ్చే డ్రైవర్ల పేర్లు రాసుకునే గదిలో కుర్చీ ఇచ్చారు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పేశాను అని ఒక్క ముక్క అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. గోడకి చేరగిలబడి తాగాడు. వారమంతా మామూలుగానే ఉన్నాడు. తమ్ముడికి లెక్కలు చెప్పాడు, పంపు బాగుచేశాడు. నేను మాత్రం ఆయన కంటబడకుండా తిరిగాను. ఆయన నన్ను ఒక్క మాటైనా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ తర్వాతి ఆదివారం పడవ దగ్గరికి వెళ్ళలేదు. పదకొండు గంటలప్పుడు నాన్నతో ఇంజన్లో ఉండే అసిస్టెంటు వచ్చాడు. శ్రీకాకుళం వైపాయన. నాన్నకన్నా రెండు మూడేళ్ళు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో బైబిలుంది. కబురు తెలిసినప్పటి నుంచి రావాలనుకుంటూ రాలేకపోయాడట. వంటింటి తలుపు దగ్గర నిలబడి నేను వింటున్నాను. ఇంజన్ దించేశారని ఓదార్చడానికి వచ్చాడనుకున్నాను. నాన్న కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఫరవాలేదు లేరా, కూర్చో అంటున్నాడు.

ఆయన కూర్చోలేదు. అమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. “వొదినా, ఎనిమిది నెలలు,” అన్నాడు. “డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా పిల్లల మొహాలు ఒకపాలి సూసుకుని వొచ్చీవోణ్ణి. సెప్తే అన్న ఇంజనెల్లిపోద్ది. సెప్పకపోతే ఎవుల పేణం పోద్దో. నేను రెప్ప వెయ్యడానికి బయపడీవోణ్ణి.” ఆ పెద్ద మనిషి మా ముందు గదిలో నేల మీద చతికిలబడి ఏడ్చాడు.

ఇంజన్ దిగిన రోజున ఏడవని నాన్న అప్పుడు ఏడ్చాడు. రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని, నాతో అనకపోయావా, ఒక్కమాట అనకపోయావా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. అసిస్టెంటు ఇంజన్లో వణుకుతూ పలికిన మాటల్నే పడవలో నేను గొప్పలు పోతూ పలికాను. ఇద్దరం పలికింది ఒకే మనిషికి. ఆయన తల అడ్డంగా ఊపుతుంటే నాన్న మొహం ఎత్తి, గది దాటి, వంటింటి తలుపు వైపు చూశాడు. అంత దూరం నుంచి నా మొహం ఆయనకి కనబడదని నాకు తెలుసు. అయినా తలుపు వెనక్కి జరిగి దాక్కున్నాను.